ఒసాకాలో కలిపిన ముద్ద

మా పక్కింటి ఆంటీ పోయింది.

పొద్దున్నే కంచె మీద గరిటె చప్పుడైంది. మెల్‌బోర్న్ శివార్లలో, ట్రుగనీనాలో మా రెండిళ్ళ పెరళ్ళకీ మధ్య ఒక చెక్క కంచె. పిలవాలన్నా, ఏదన్నా ఇవ్వాలన్నా ఆంటీ ఫోన్ చేసేది కాదు, గరిటె తెచ్చి కంచె మీద టకటకా కొట్టేది. మంచం పట్టాక ఆ చప్పుడు ఆగిపోయింది. అందుకే ఆ పొద్దున అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆంటీ లేచింది!" అని మా ఆయనకి చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా మంచు పట్టిన గడ్డి మీద పరిగెత్తాను. కంచెకి అవతల అంకుల్ నిలబడి ఉన్నారు. గరిటె ఆయన చేతిలో ఉంది.

"ఫోన్ చెయ్యడానికి చేతులు రాలేదమ్మా," అన్నారు. "మీ ఆంటీ వెళ్ళిపోయింది."

ఆ క్షణాన నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీదే వచ్చింది. ఆ గరిటె ఎందుకు ముట్టుకున్నారు? ఆ రెండు నిమిషాలూ నన్నెందుకు సంతోషపెట్టారు? పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు. మా ఇంటిని పిలవాలంటే అలాగే పిలవాలని ఆయనకీ అలవాటైపోయింది.

అంత్యక్రియలకి వచ్చినవాళ్ళల్లో ఒకావిడ, టీ కప్పు పట్టుకుని, నాకు వినపడేలాగే అంది: "ఆ ఒంట్లో జపాన్ ఎందుకండీ? ఆ ప్రయాణమే ముంచింది. ఆ పక్కింటి పిల్ల తీసుకెళ్ళిందట." ఆ పక్కింటి పిల్లని నేనే. నలభై దగ్గర పడ్డా ఆంటీ వల్ల ఇంకా పిల్లనే. ఆవిణ్ణి అక్కడే నాలుగు దులిపేద్దామనుకున్నాను. ఆంటీ ఫొటో ముందు గొడవెందుకని నోరు మూసుకున్నాను. కానీ ఊరుకోవడం నా వల్ల కావట్లేదు. ఆ ప్రయాణం ఎందుకు వెళ్ళామో, ఎలా జరిగిందో మీకు చెప్తాను. ఆవిడ ఎలాంటి మనిషో చెప్పడానికి నాకు వేరే దారి కూడా తెలీదు.

మేం ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో నాకు కడుపు పోయింది. హాస్పిటల్ నుంచి వచ్చి, ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చున్నాను. అప్పటికి ఆంటీతో కంచె దగ్గర రెండు మూడు మాటలే నాకు పరిచయం. ఎవరు చెప్పారో ఏమో, తలుపు తోసుకుని వచ్చింది. పళ్ళెంలో అన్నం, పప్పు, నెయ్యి తెచ్చి, నా ఎదురుగా నేల మీదే కూర్చుని కలిపింది. ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు. ముద్ద చేసి నా నోటి ముందు పెట్టి, "ముందు తిను, తర్వాత ఏడుద్దువుగాని," అంది. నేను తల తిప్పేసుకున్నాను. ఆవిడ ముద్ద దించలేదు. చెయ్యి అలా గాల్లోనే ఉంచి కూర్చుంది. చివరికి నేనే ఓడిపోయి తిన్నాను.

అప్పట్నుంచీ ఆ మాట మా ఇంట్లో నిత్యం వినపడేది. ఉద్యోగం పోయినా అదే, మా ఆయనతో పోట్లాడినా అదే. నేను పనిచేసే వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్ అందరి ముందూ నా మీద అరిచిన రోజు కంచె దగ్గరికెళ్ళి భోరుమంటే, నా మాట పూర్తి కాకుండానే లోపలికెళ్ళి పెరుగన్నం కలుపుకొచ్చింది. మనిషి మహా మొండి. కాకినాడలో పుట్టి, వైజాగ్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి, మెల్‌బోర్న్‌లో నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో రిటైరయ్యేదాకా పనిచేసింది. వంటింట్లో మాత్రం చెంచా కూడా వాడేది కాదు. కొలత అడిగితే, "బతుకంతా ల్యాబ్‌లో చుక్కలు లెక్కపెట్టాను, ఇక్కడ కూడా ఎందుకే లెక్కలు?" అని కసిరేది. వడియాలు అంకుల్ కారు బానెట్ మీద ఆరబెట్టేది. ఎండ కాసినంతసేపూ ఆయన ఎక్కడికీ వెళ్ళకూడదు. మెల్‌బోర్న్‌లో పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన. ఆకాశం వైపు చూసి గట్టిగా తిట్టేది, పేరు పెట్టి పిలవడం ఒక్కటే తక్కువ.

ఆవిడకి ఒసాకాలో ఇద్దరు స్నేహితులు. మొగుడూ పెళ్ళాం. ఇద్దరూ ఎమ్మెస్సీలో ఆవిడ క్లాస్‌మేట్లే. ఆయనకి అక్కడ ఒక రంగుల కంపెనీలో ఉద్యోగం వస్తే వెళ్ళి, అక్కడే ఉండిపోయారు. భార్య హాస్టల్లో ఆంటీ రూమ్‌మేట్. నేను ఆవిణ్ణి ఒసాకా ఆంటీ అనే పిలిచేదాన్ని. ప్రతి ఆదివారం వీడియో కాల్. అంత పెద్దమనుషులు "ఏమే" "ఒసేయ్" అంటూ మొదలుపెడితే అంకుల్ పేపర్ తీసుకుని గరాజ్‌లోకి పారిపోయేవారు.

ఒసాకా ఆంటీకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఊరు దాటి ఎక్కడికీ కదల్లేని స్థితి. ఆ తర్వాత కొన్నాళ్ళకి మా ఆంటీకి పాంక్రియాస్‌లో గడ్డ అన్నారు. అప్పటికే పాకిపోయిందన్నారు. ఆ సంగతి ఆదివారం ఫోన్‌లో చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తర్వాత ఒసాకా ఆంటీ, "నేను రాలేనే. ఈ మిషను నన్ను వదలదు," అంది.

"నేనొస్తాలే," అంది మా ఆంటీ. "ఎవరో ఒకరు కదలాలి కదా. నాకింకా కాళ్ళున్నాయి."

ఇంట్లో యుద్ధం మొదలైంది. అంకుల్ ససేమిరా అన్నారు. ఆయనకి అప్పుడే మోకాలు మార్చారు, చేతికర్ర లేకుండా బాత్రూమ్‌కి కూడా వెళ్ళలేని పరిస్థితి. కూతురు డార్విన్‌లో ఒక హాస్పిటల్లో నర్సు. ఆ పిల్ల ఉన్న సెలవంతా కూడబెట్టి ఉంచుకుంది. దేనికో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు. "రోజూ ఫోన్‌లో చూస్తూనే ఉన్నావు కదా, ఇంకా ఏం చూడాలి?" అని అంకుల్ అరిచారు. ఆయన అరవగా నేను విన్నది అదొక్కసారే.

"ఫోన్‌లో చెయ్యి పట్టుకోలేను కదండీ," అంది ఆంటీ.

ఆంటీ నా వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు తీసుకెళ్తావా?" అంది. తీసుకెళ్తానన్నాను. ఇవాళ మళ్ళీ అడిగినా అదే అంటాను.

డాక్టరు ఏమన్నారంటే, వెళ్తే ఇప్పుడే, ఇంకొన్ని వారాలాగితే విమానం మాట మర్చిపొమ్మన్నారు. గబగబా టికెట్లు కొన్నాం. మూడు రోజులు అక్కడ. ఆంటీ తన సామాన్లో మొదట సర్దింది రెండు సీసాల గోంగూర పచ్చడి. ఆ వేసవిలో పెరట్లో కాసిన ఆఖరి ఆకు అది. నూనెలో వేయించే ఓపిక లేక, కుర్చీలో కూర్చుని నాతో చేయించింది.

"ఆంటీ, ఆవిడకి ఉప్పు వద్దు, పొటాషియం వద్దు అన్నారు కదా. గోంగూర ఎలా తింటుంది?"

"తినదే. వాసన చూస్తుంది."

"మీరూ తినలేరు."

"నోరు మూసుకుని కలుపు," అంది.

ఆస్ట్రేలియాలో బతికే మాలాంటివాళ్ళకి ఎయిర్‌పోర్ట్ అంటే ఒకటే భయం, తినే సామాను. ఇక్కడ మాగాయ చెత్తడబ్బాలో పారబోసి కన్నీళ్ళు పెట్టుకోని తెలుగు ఇల్లు ఉండదు. అంకుల్ ఐప్యాడ్ పట్టుకుని జపాన్ నియమాలన్నీ పైకి చదివారు. ఆకులు వద్దంటే కరివేపాకు తీసేశాం. ఆంటీ పూజ గదిలోంచి తెచ్చిన పసుపు కొమ్ములు కూడా అనుమానమొచ్చి తీసేశాం. సీసాల మూతలకి టేపు చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టి, పైన ఇంగ్లీషులో పేరు రాసి అంటించాం. ముగ్గురం చదువుకున్నవాళ్ళమే. మా బుర్రలన్నీ ఆ రెండు సీసాల చుట్టూనే తిరిగాయి. నొప్పి మాత్రలు ఆంటీ చేతిసంచిలో, డాక్టరు రాసిచ్చిన కాగితంతో సహా భద్రంగా ఉన్నాయి. వాటి గురించి ఎవరికీ బెంగ లేదు.

ఎయిర్‌పోర్ట్‌లో సామాను ఇచ్చే లైన్లో నిలబడ్డాం. అంకుల్ కర్ర పట్టుకుని సాగనంపడానికి వచ్చారు. డార్విన్ నుంచి కూతురు వీడియో కాల్ చేసింది.

"అమ్మా, పెయిన్‌కిల్లర్స్ హ్యాండ్ లగేజ్‌లోనే పెట్టుకున్నావు కదా? జపాన్ వాళ్ళ పర్మిషన్ పేపర్ కూడా దాంతోనే ఉంచు, ఓకే?"

"ఏం పర్మిషనే?"

ఆ పిల్ల మొహంలో రంగు పోయింది. "ఓ మై గాడ్. అమ్మా, దట్స్ మార్ఫిన్! ముందే అప్లై చేసి అప్రూవల్ తీసుకోవాలి. అది లేకుండా పట్టుకెళ్తే దే కెన్ అరెస్ట్ యూ. నాన్నా, మీరు చెక్ చెయ్యలేదా? నేను మీరు చేశారనుకున్నా!"

అంకుల్ మొహం చూడలేకపోయాను. అన్ని నియమాలు చదివారాయన. పచ్చడివన్నీ చదివారు.

"పద, ఇంటికెళ్దాం," అన్నారు.

అప్రూవల్‌కి రెండు వారాలన్నా పడుతుందంది కూతురు. "పోనీ రెండు వారాలాగి వెళ్దాం ఆంటీ," అన్నాను నేను కూడా. ఆవిడ నా వైపు చూసింది. "రెండు వారాల తర్వాత నేను ఈ లైన్లో నిలబడగలనా అమ్మాయ్?" అని మామూలుగా అడిగింది, బియ్యం ఉన్నాయా అని అడిగినట్టు. అప్పటికే ట్రాలీ ఊతంతో నిలబడింది మనిషి.

చేతిసంచి తెరిచింది. మాత్రల డబ్బా తీసింది. ఆ పూటకి వేసుకోవాల్సింది నా చేతిలో నీళ్ళ సీసా లాక్కుని అక్కడే మింగేసింది. "కడుపులో ఉన్నదాన్ని ఎవడూ అడగడు," అంది. డబ్బా అంకుల్ చేతిలో పెట్టింది. "దీన్ని ఇంట్లో ఫ్రిజ్ మీద పెట్టండి. ఆదివారం వస్తాను."

"మిగతా రోజులు ఎలాగమ్మా?" ఫోన్‌లో కూతురు ఏడుస్తోంది.

"పారాసెటమాల్ ఉందిగా."

పారాసెటమాలట! ఆ నొప్పికి! ఇల్లంటుకుంటే చెంబుతో నీళ్ళు చల్లినట్టు. అక్కడ నొప్పొస్తే వెంటనే హాస్పిటల్‌కి వెళ్తానని ఒట్టెయ్యమంది కూతురు. ఆంటీ సరే సరే అని ఒట్టేసింది. ఆ ఒట్టు ఎలాంటిదో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అంకుల్ ఆ డబ్బా చొక్కా జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యి అదిమి పట్టుకుని, మేం లోపలికి వెళ్ళేదాకా అలాగే నిలబడ్డారు.

ఒసాకాలో విమానం దిగాక ఎవరూ పచ్చడి గురించి ఒక్క ముక్క అడగలేదు. ఒసాకా అంకుల్ వచ్చి టాక్సీలో తీసుకెళ్ళారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. దారంతా కిటికీలోంచి ఎత్తైన మేడలు, వెలుగులు. ఆంటీ ఒక్కటీ చూడలేదు. ఇంకా ఎంత దూరం, ఇంకా ఎంత దూరం అని అడుగుతూనే ఉంది.

తలుపు తీసింది ఒసాకా ఆంటీ. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పైనుంచి కిందిదాకా చూసుకున్నారు.

"ఏమే, ఇలా ఎండిపోయావేంటే?"

"నీళ్ళన్నీ నువ్వే తాగేసి ఊరిపోయావుగా. నాకేం మిగిల్చావు?"

ఆ గుమ్మంలోనే పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ ఇద్దరికీ ఆయాసం వచ్చింది. లోపల కూర్చోబెట్టాక ఆంటీ ఆవిడ ఎడమచెయ్యి తీసుకుంది. డయాలిసిస్ కోసం ఆపరేషన్ చేసిన చెయ్యి, నరం ఉబ్బి ఉంటుంది. దాని మీద అరచెయ్యి వేస్తే లోపల రక్తం జుయ్యిమని కొట్టుకుంటూ తగులుతుంది. ఆంటీ ఉలిక్కిపడింది. "ఇదేంటే, లోపల ఏదో తిరుగుతోంది?"

"అదే నా ప్రాణం. ఆగితే పరిగెత్తుకురమ్మన్నారు."

ఆంటీ ఆ చేతి మీంచి తన చెయ్యి తియ్యలేదు. ఆ సాయంత్రమంతా అలాగే కూర్చుంది.

మర్నాడు డయాలిసిస్ రోజు. నొప్పి కూడా అదే రోజు మొదలైంది. పొద్దున కాఫీ దగ్గరే ఆంటీ మొహం పాలిపోయి ఉంది. పెదవి కొరుక్కుంటోంది. ఇంట్లోనే పడుకోమంటే వినలేదు, క్లినిక్‌కి తనూ వస్తానంది. తీరా వెళ్ళాక మిషన్లున్న గదిలోకి బయటివాళ్ళని రానివ్వమన్నారు. ఒసాకా అంకుల్ జపనీస్‌లో బతిమాలారు. ఆ నర్సు మంచి పిల్ల, ఎన్నిసార్లు తల వంచి దణ్ణం పెట్టిందో, కానీ లోపలికి మాత్రం పంపలేదు. వచ్చిందే మూడు రోజులకి. అందులో ఒక పూట గోడకి అటు ఒకరు, ఇటు ఒకరు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గోడని గుద్దాలనిపించింది.

వరండాలో బెంచీ మీద ఆంటీ ముడుచుకుని కూర్చుంది. కాసేపటికి కూర్చోలేక నా ఒళ్ళో తలపెట్టి పడుకుంది. నా మణికట్టు పట్టుకుంది. నొప్పి తెర వచ్చినప్పుడల్లా ఆ పట్టు బిగిసేది. అంత బక్క చేతుల్లో అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు. గోళ్ళు దిగి నాకు రక్తం వచ్చింది. ఆవిడ గొంతులోంచి ఒక చిన్న మూలుగు వచ్చేది, వెంటనే పమిట కొంగు నోట్లో కుక్కుకునేది, లోపల స్నేహితురాలికి వినపడుతుందని.

"ఆంటీ, మీకు దణ్ణం పెడతాను. హాస్పిటల్‌కి వెళ్దాం పదండి. ఒక్క ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేద్దాం."

"ఈ ఒంటిని చూస్తే ఒక్క ఇంజెక్షన్‌తో వదులుతారటే? పడుకోబెట్టేస్తారు. అది బయటికొచ్చేసరికి నేనిక్కడ ఉండాలి."

"మీరు చచ్చిపోయేలా ఉన్నారు!" అని అరిచేశాను. అక్కడున్న ముసలివాళ్ళంతా తిరిగి చూశారు.

"అది ఎలాగూ ఉందిగా," అంది. "దానికి ఒసాకా దాకా రావాలా?"

ఒళ్ళో ఆవిడ తల నిమురుతూ కూర్చున్నాను. దేవుణ్ణి తిట్టాను. ఐప్యాడ్‌లో పచ్చళ్ళ నియమాలు చదివిన మా ముగ్గుర్నీ తిట్టాను. ఒసాకా అంకుల్ ఎక్కడికో వెళ్ళి వేడి పట్టీలు కొనుక్కొచ్చారు. అక్కడ చలికి బట్టల మీద అంటించుకుంటారట, కాసేపటికి అవే వేడెక్కుతాయి. ఆయన మొహం పక్కకి తిప్పుకుని అందించారు, నేను ఆంటీ నడుముకీ పొట్టకీ, జాకెట్టు మీదా లంగా మీదా అంటించాను. నర్సు దుప్పటి తెచ్చి కప్పింది. కొంచెం ఊపిరి తీసుకుంది ఆంటీ.

మిషను మీంచి లేచి ఒసాకా ఆంటీ బయటికొచ్చేసరికి ఆవిడ ఒళ్ళు తూలుతోంది. మా ఆంటీ అప్పటికి కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, బెంచీ మీద నిటారుగా కూర్చుంది. "పడిపోతావే, నా చెయ్యి పట్టుకో," అని లేచింది. "నీ మొహం, నువ్వే పట్టుకో," అంది ఆవిడ. ఒకర్నొకరు పట్టుకుని, ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలీకుండా టాక్సీ దాకా వెళ్ళారు. వెనకాల ఒసాకా అంకులూ నేనూ సంచులు మోసుకుంటూ నడిచాం. ఆయన ఏడుస్తున్నారు, నేను చూడనట్టు ఊరుకున్నాను.

తిరిగొచ్చాక ఇక్కడ అందరూ అడిగారు, ఒసాకాలో ఏం చూశారని. కోట చూశారా, షాపింగ్ చేశారా అని. నేను చూసింది ఒక అపార్ట్‌మెంటు, ఒక క్లినిక్ వరండా.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఆంటీ లేచి, అన్నం వండమంది. వేడన్నం పళ్ళెంలో పోయించుకుని, గోంగూర సీసా టేపు విప్పమంది. ఆ వాసనకి ఒసాకా ఆంటీ కళ్ళు మూసుకుంది. "హాస్టల్లో కూడా మీ ఆంటీయే కలిపేది," అంది నాతో. "గదిలో ఉన్నవాళ్ళమంతా చుట్టూ కూర్చునేవాళ్ళం. ఒక్క పళ్ళెం, ఒక్క చెయ్యి."

ఆంటీ నెయ్యి వేసి కలిపింది. మధ్యలో నొప్పి వస్తే ఆపి, బల్ల అంచు పట్టుకుని, మళ్ళీ కలిపింది. మొదటి ముద్ద ఒసాకా అంకుల్ చేతిలో పెట్టింది. రెండోది నాకు. తర్వాత చెయ్యి గాల్లో ఆగిపోయింది. స్నేహితురాలు తినకూడదు. తను తినలేదు.

"మీరు తినండి," అంది ఒసాకా ఆంటీ. "మేం చూస్తాం."

వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని మా నోళ్ళ వైపు చూస్తున్నారు. ఉప్పు సరిపోయిందా, పులుపు దిగిందా, నూనె చాలిందా అని అడుగుతున్నారు. కళ్ళల్లోంచి నీళ్ళు అన్నంలో పడుతున్నాయి. అప్పుడు ఒసాకా ఆంటీ నా భుజం మీద ఒక్కటి వేసి, "ముందు తిను, తర్వాత ఏడుద్దువుగాని," అంది.

తలెత్తి చూశాను. ఆ మాట మా ఆంటీదనుకున్నాను ఇన్నాళ్ళూ.

"నాది కాదే, దానిదే," అంది ఆంటీ. "మా అమ్మ పోయిందని హాస్టల్‌కి కబురొచ్చింది. బస్సు తెల్లారితే గానీ లేదు. అన్నం ముట్టనని మొండికేస్తే, ఇది నా ముందు ముద్ద పట్టుకుని కూర్చుంది. దించితే ఒట్టు."

అదీ సంగతి. నా పెట్టెల మధ్య నేల మీద కూర్చుని ఆంటీ పట్టుకున్న ముద్ద ఈవిడ దగ్గర నేర్చుకున్నదట. నేను కన్నీళ్ళతోటే పళ్ళెం ఖాళీ చేశాను.

బయల్దేరేటప్పుడు ఒసాకా ఆంటీ జాకెట్టు ముక్క పెట్టి బొట్టు పెట్టింది. మా ఆంటీ తిరిగి ఆవిడకి పెట్టింది. వేలు వణికి కుంకం ముక్కు మీద పడింది. "ముసలిదానా, బొట్టు పెట్టడం కూడా మర్చిపోయావు," అని తిట్టింది ఆవిడ. ఇంకో సీసా గోంగూర ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పి లిఫ్ట్ ఎక్కింది ఆంటీ. లిఫ్ట్ తలుపు మూసుకునేదాకా నవ్వుతూనే ఉంది. మూసుకోగానే కాళ్ళు మడతపడి కింద కూలబడిపోయింది.

ఆ తిరుగు ప్రయాణం గురించి రాయను. రాయలేను. మెల్‌బోర్న్‌లో వీల్‌చైర్లో బయటికి తోసుకొచ్చేసరికి అంకుల్ అందరికంటే ముందు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో కర్ర, చంకలో నీళ్ళ సీసా, ఇంకో చెయ్యి గుప్పిట బిగించి ఉంది. గుప్పిట తెరిచారు. మాత్ర చెమటకి తడిసిపోయి ఉంది. ఎంతసేపట్నుంచి పట్టుకుని నిలబడ్డారో. ఆంటీ అది మింగి, ఆయన చెయ్యి అలాగే పట్టుకుంది.

ఆ ప్రయాణం వల్లే తొందరగా పోయిందా? ఏమో. అయ్యుండొచ్చు. టీ కప్పు పట్టుకున్న ఆవిడ అన్నది తప్పని నేను రుజువు చెయ్యలేను. మంచం పట్టాక ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను. "ఎందుకెళ్ళామా అనిపించిందా ఆంటీ?" అని. "చెయ్యి పట్టుకున్నాను కదే," అంది. ఇంకేదో అంటుందని చూశాను. నిద్రపోయింది.

పెద్దకర్మ రోజున ఇల్లంతా జనం. డార్విన్ నుంచి వచ్చిన కూతురు వడ్డిస్తోంది. విస్తరి ముందు కూర్చున్నాను గానీ చెయ్యి పెట్టబుద్ధి కాలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కంచె మీద కొట్టే ఆ గరిటె పొయ్యి పక్కన వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఏడుస్తున్నాను. అంకుల్ ఫోన్ పట్టుకుని వచ్చారు. "నీతో మాట్లాడాలంటోందమ్మా," అని పొయ్యి గట్టు మీద గోడకి ఆనించి పెట్టి వెళ్ళిపోయారు.

ఒసాకా ఆంటీ. మొహం ఇంకా ఉబ్బి ఉంది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆవిడ ముందు ఒక పళ్ళెం, పక్కన ఆ రెండో సీసా, టేపు విప్పి ఉంది. అన్నంలో గోంగూర వేసింది, నెయ్యి వేసింది, కలిపింది. నెమ్మదిగా, వేళ్ళతో మెదుపుతూ చాలాసేపు కలిపింది. తను తినకూడని అన్నం. వెనకాల ఒసాకా అంకుల్ నిలబడి ఉన్నారు, ఆయన వద్దనలేదు.

ముద్ద చేసింది. ఫోన్ దగ్గరికి తెచ్చి పట్టుకుంది. ఫోనంతా ఆ చెయ్యే, ఆ ముద్దే.

"ముందు తిను," అంది. మిగతా సగం అనలేకపోయింది.

నేను అరచెయ్యి చాచాను. ఆవిడ ముద్ద దించలేదు. నేను చెయ్యి తియ్యలేదు.